ఏ శాఖ నీళ్లు?

ఖుద్సియా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. పీహెచ్‌డీకి మాత్రం కరీంనగర్ యూనివర్సిటీలో కొత్తగా పెట్టిన బహుశాస్త్ర పరిశోధన కేంద్రంలో చేరింది. వేర్వేరు శాఖల వాళ్లు ఒక్కచోట కూర్చుని ఒకే సమస్యను నాలుగు వైపుల నుంచీ చూడాలన్నది ఆ కేంద్రం ఉద్దేశం. ప్రారంభం రోజు అందరూ వచ్చారు, ఫొటోలు దిగారు, మర్నాటి నుంచి ఎవరి శాఖలో వాళ్లు కూర్చున్నారు. కేంద్రానికి మిగిలింది రెండు గదులు, డైరెక్టర్ మమతారాణి, ముగ్గురు విద్యార్థులు. సొంత ల్యాబ్ లేదు.

ఖుద్సియా పట్టుకున్న సమస్య ఉట్నూర్ అవతలి ఒక గోండు గూడేనిది. తొమ్మిదేళ్ల కింద అక్కడ బోరు వేసి చేతిపంపు బిగించారు. గూడెం వాళ్లు ఏడేళ్లు ఆ నీళ్లే తాగారు. తర్వాత ఆడవాళ్లంతా ఒక్కసారిగా మానేసి, కిలోమీటరు దూరంలోని వాగుకు బిందెలు ఎత్తారు. వీళ్లకు చెప్పినా అర్థం కాదని బోరు చూడ్డానికి వచ్చినవాళ్లు రాసుకుపోయారు. ఎందుకు మానేశారని అడిగినవాళ్లు లేరు.

ఖుద్సియా అడిగింది. సోంబాయి అనే ఆమె తన ఇద్దరు బిడ్డల్ని పిలిచి నోళ్లు తెరిపించింది. పెద్దదాని పళ్లు తెల్లగా ఉన్నాయి. చిన్నదాని ముందుపళ్ల మీద మట్టిరంగు చారలు.

"పెద్దది బోరు రాకముందే పెరిగింది. చిన్నది పుట్టినకాన్నుంచి గా నీళ్లే తాగింది. పాలపండ్లు ఊడి కొత్తయి వచ్చెవరకు గిట్లయినయ్. గూడెంల గా ఈడు పోరగాండ్లందరికీ గంతే. మాకు సదువు రాదు గని, గింత తెల్వదా చెల్లె?" అంది సోంబాయి.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఉంటుందని ఖుద్సియాకు వెంటనే తట్టింది. తన చదువు ఐదేళ్లలో నేర్పినదాన్ని ఈమె ఇద్దరు పిల్లల పళ్లు పక్కపక్కన పెట్టి చెప్పేసింది. ఇక కావలసింది అంకెలు. సీసాల్లో నీళ్లు పట్టుకుని, జన్నారం మీదుగా బస్సులో, అవి ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ చేరింది.

నాలుగు వారాల్లోపు పరీక్ష చేస్తేనే ఆ అంకెలకు విలువ. మిషన్ కెమిస్ట్రీ శాఖలో ఉంది. శాఖాధిపతి దేవదాస్ చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి చాయ్ తాగించి, కేంద్రం తన శాఖ కిందికి రాదు కాబట్టి పైనుంచి ఉత్తరం తెమ్మన్నాడు. పైవాళ్లు ముందు దేవదాస్ ఒప్పుకోలు తెమ్మన్నారు. మమతారాణి ఫైలు చంకన పెట్టుకుని రెండు భవనాల మధ్య తిరిగింది. ఉత్తరం చేతికొచ్చేసరికి నలభై రోజులైంది. ఖుద్సియా మళ్లీ ఉట్నూర్ వెళ్లి మళ్లీ నీళ్లు తెచ్చింది. ఈసారి ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్, ల్యాబ్ ఖాళీ లేదు. అవి అయ్యేసరికి మళ్లీ గడువు దాటింది. రెండోసారి సీసాలను తన చేత్తోనే సింకులో ఒంపేసింది.

మూడోసారి ఖాళీ సీసాలతో వెళ్తే సోంబాయి పంపు దగ్గరికి కూడా రాలేదు.

"రెండుసార్లు నీళ్లు కొంటవోతివి. ఏమొచ్చింది? మమ్మల్ని ఎందుకు పరేషాన్ చేస్తవు?"

ఖుద్సియా ఉత్తరం, ప్రాక్టికల్స్ అని చెప్పబోయి, ఆ మాటలు అక్కడ నిలబడి చెప్పడానికి సిగ్గేసి ఖాళీ సీసాలతోనే వెనక్కి వచ్చింది. వారం తిరక్కుండా, ల్యాబ్ అక్కర్లేని చిన్న పరీక్ష పెట్టె ఒకటి కొనుక్కుని నాలుగోసారి వెళ్లింది. ఆడవాళ్లందర్నీ పిలిచి, వాళ్ల ముందే ఒక గాజుగొట్టంలో వాగునీళ్లు, ఇంకోదాంట్లో బోరునీళ్లు పోసి మందుచుక్కలు వేసింది. వాగునీళ్లు గులాబిరంగులో నిలిచాయి. బోరునీళ్లు పసుపుపచ్చగా మారాయి. పసుపు అంటే పాడు నీళ్లని ఖుద్సియా చెప్పకముందే వాళ్లకు తెలిసిపోయింది. సోంబాయి నవ్వలేదు. మేమన్నదే గదా అని మాత్రం అంది.

ఆ వారంలోనే ఆడవాళ్లు పదకొండు మంది జీపెక్కి ఉట్నూర్ వెళ్లి అర్జీ పెట్టారు. అధికారులు వచ్చి తమ పరీక్ష తాము చేసుకుని, తాగొద్దన్న గుర్తుగా పంపుకు ఎర్రరంగు పూసి, తాగడానికి ట్యాంకర్ పంపుతామన్నారు.

యూనివర్సిటీలో మాత్రం కథ అక్కడితో తెగలేదు. పరిశోధన కమిటీ కూర్చుంది. రంగు చూసి చెప్పేది కొలత కాదని, పైగా ఆడవాళ్ల మాటల అధ్యాయం కెమిస్ట్రీ కాదని దేవదాస్ అన్నాడు. మాటలు బాగున్నాయి గానీ రసాయనాలను మేమెలా దిద్దుతామని సోషియాలజీ ప్రొఫెసర్ అన్నాడు. అందుకే కదా ఈ కేంద్రం పెట్టుకున్నది అని మమతారాణి అడిగితే ఇద్దరూ కాగితాల్లోకి చూశారు. డిగ్రీ దరఖాస్తులో శాఖ పేరు రాయాలి, కేంద్రం పేరు రాస్తే కంప్యూటర్ తీసుకోదు. ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. కెమిస్ట్రీ అయితే సోంబాయి అధ్యాయం కొట్టేయాలి. సోషియాలజీ అయితే రెండు పేపర్లు కొత్తగా చదివి రాయాలి, ఇంకో యేడాది పడుతుంది.

ఖుద్సియా లేచి నిలబడింది. "సార్, ఆమె పండ్లు చూసి పట్టింది. నేను సీసాల చూసి పట్టిన. రెండిట్ల ఏది తీసేసినా మిగిలింది అబద్ధమైతది."

దేవదాస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వన్నది నిజమేనమ్మా. గని నిజానికి ఏ శాఖ డిగ్రీ ఇయ్యాలె?"

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే ఆయనకు తెలియదు. ఖుద్సియాకు అదే ఎక్కువ మండింది. తిట్టేవాడైతే పోట్లాడొచ్చు. తెలియనివాడితో ఏం చేస్తాం?

ఆ సాయంత్రం దరఖాస్తులో సోషియాలజీ అని రాసింది. సోంబాయి అధ్యాయం నిలిచింది, రంగుల పరీక్ష అనుబంధంలోకి పోయింది, యేడాది పోయింది. సంతకం పెడుతూ మమతారాణి, "నిన్ను ఇందులోకి తెచ్చింది నేనేనమ్మా" అంటూ తల వంచుకుంది.

కొత్త క్లాసులు మొదలైన రోజు సోంబాయి ఫోన్ చేసింది. ట్యాంకర్ వారానికి ఒక్కసారే వస్తోందట, తక్కిన రోజులు వాగే. అడగడానికి వెళ్తే, ఆ ఆఫీసు మాది కాదని ఒకరి మీద ఒకరు చెప్పి తిప్పి పంపారట. నీ సదువు ఒడిసిందా అని అడిగింది. ఇంకో యేడాది ఉందని ఖుద్సియా తన సంగతీ చెప్పింది.

అది విని సోంబాయి అడిగింది, "మీ దిక్కు గూడ గంతేనా చెల్లె?"

"గంతేనక్కా."

రేపు ఉట్నూర్‌కు మళ్లీ పోతున్నామని, ఈసారి ఇరవై మందిమని చెప్పి సోంబాయి ఫోన్ పెట్టేసింది. ఖుద్సియా నోట్‌బుక్ తీసుకుని, తనకన్నా ఆరేళ్లు చిన్నవాళ్లు నిండిన క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుంది.