అంచు కోసిన పుటలు

"మళ్ళీ నీ వేలు పడింది హేజెల్! ఏ పేజీ తిప్పినా నీ బొటనవేలే. చరిత్ర చూద్దామని తెరిచినవాడికి నీ గోరు కనబడాలా?"

పోయిన వారం మొగుడు క్లైవ్ అన్న మాట అది. అతని చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నంతసేపూ హేజెల్ చెవిలో అదే తిరుగుతోంది. ఈ సాయంత్రం అతను వేసుకోబోయే చొక్కా. థార్న్‌బెక్ చరిత్ర సంఘం ఊరి పాత పుస్తకాలన్నిటినీ ఇంటర్నెట్‌లో పెట్టింది. చర్చి హాల్లో ప్రారంభం. ప్రసంగం సంఘం అధ్యక్షుడు క్లైవ్ ఆర్మరాడ్‌ది. టీ, సాండ్‌విచ్‌లు ఎవరివో అడగక్కర్లేదు.

ఆ పుస్తకాలు రెండువందల ఏళ్ళ నాటివి. ఊళ్ళో దిక్కులేనివాళ్ళకు చర్చి పెద్దలు ఇచ్చిన బొగ్గు, రొట్టె, బూట్లు అన్నీ అందులో రాసి ఉన్నాయి. కుట్టు బిగుసుకుపోయి, తెరిచి వదిలితే మూసుకుపోయే పుస్తకాలు. పైన గాజుపలక పెడితే సిరా పెచ్చులూడుతుంది. అందుకని చలికాలమంతా చర్చి వెనకగదిలో, వేళ్ళు కత్తిరించిన ఉన్ని చేతితొడుగులు వేసుకుని, ఒక్కో పుట అంచునూ బొటనవేలితో నొక్కిపట్టి, కాలితో కెమెరా మీట తొక్కి ఫోటోలు తీసింది హేజెల్. క్లైవ్ ఒక్కరోజు తొంగిచూసి, గది చల్లగా ఉందని వెళ్ళిపోయాడు.

"రెండు మీటలు నొక్కడమేగా. ఇంట్లో ఊరికే కూచునేదానివి, నీకూ పొద్దుపోతుంది" అన్నాడు.

ఊరికే కూచోవడం! క్లైవ్ వాళ్ళమ్మ మంచం పట్టిన ఏళ్ళన్నీ ఆవిడ దుప్పట్లు ఉతికిందీ, ఒళ్ళు తుడిచిందీ, గంజిలాంటి ఓట్సు చెంచాతో తినిపించిందీ కూచునే చేసింది కాబోలు. ఆ ముసలావిడ పోతూ పోతూ కోడలి చెయ్యి పట్టుకుని, "మా క్లైవ్‌కి ఓపిక ఎక్కువ. లేకపోతే ఇన్నాళ్ళు నీతో వేగేవాడా అమ్మాయ్" అంది. ఆ చేత్తోనే హేజెల్ ఆవిడ కళ్ళు మూసింది.

చొక్కా తగిలించి, హేజెల్ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. విన్నీ పొలార్డ్‌కి ఒక పుట చూపిస్తానని మాట ఇచ్చింది. విన్నీకి ఎనభై దాటాయి. కనబడినప్పుడల్లా ఒకటే పాట: "మా పొలార్డుల్లో మగాళ్ళు సమాధిరాళ్ళ నిండా ఉన్నారే తల్లీ. వాళ్ళని కన్నవాళ్ళే ఒక్కరూ దొరకరు."

పుట వచ్చింది. శుభ్రంగా, నలుచదరంగా ఉంది. 'పొలార్డ్ భార్యకు, బొగ్గు.' అంతే. దాని పక్కన ఏమీ లేదు.

హేజెల్ ఇంకో పుట తెరిచింది, ఇంకోటి తెరిచింది. అన్నిటికీ కుడి అంచు లేదు. వేలు కనబడకుండా క్లైవ్ అన్ని పుటలకీ ఒకే కొలత పెట్టి అంచును కోసేశాడు.

ఆ అంచులోనే ఆడవాళ్ళు ఉన్నారు. సరుకు అందుకున్నవాళ్ళు అక్కడ సంతకం పెట్టాలి. రాయడం రానివాళ్ళు ఇంటూ గుర్తు గీసేవారు. పక్కన గుమస్తా వాళ్ళ పేరు రాసేవాడు: 'ఆలిస్ పొలార్డ్, ఆమె గుర్తు.' పుట లోపల ప్రతి ఆడమనిషీ ఒకడి భార్య, ఒకడి విధవ, ఒకడి కూతురు. అంచుకు వస్తేనే ఆమెకు సొంత పేరు. ఆ సంగతి హేజెల్‌కి వెనకగదిలో మొదటిరోజే తెలిసింది. అందుకే ఏ గుర్తు మీదా పడకుండా, రెండు గుర్తుల మధ్య ఖాళీ వెతుక్కుని మరీ వేలు పెట్టింది.

క్లైవ్ గడ్డం గీసుకుంటున్నాడు. చెప్పింది. అద్దంలోంచి వెనక్కి తిరగనైనా తిరగలేదు.

"గీతలే కదా."

"పేర్లు, క్లైవ్. వాళ్ళ పేర్లు."

"బొగ్గు తీసుకున్నవాళ్ళ పేర్ల మీద ఎవడు పరిశోధన చేస్తాడే? ఎంత ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, అది చరిత్ర. ఈ పూట నన్ను కంగారు పెట్టకు. నా బూట్లు తుడిచావా?"

తుడిచింది. ఎందుకు తుడిచిందో ఆమెకే తెలియదు. చెయ్యి అలవాటు కొద్దీ వెళ్ళిపోయింది, అంతే. బ్రష్షు మరీ గట్టిగా రుద్దింది. అంచు కోసేటప్పుడు వీడికి అడగాలనిపించలేదు. అడగడానికి ఆ వేలి వెనక ఒక మనిషి ఉందని గుర్తుంటేగా! వెబ్‌సైట్‌లో మొదటి పుట మీద ఏం రాయించాడు? 'క్లైవ్ ఆర్మరాడ్, సభ్యుల సహకారంతో.' ఆ మాటలు కూడా తన చేతే టైపు చేయించాడు. అప్పుడు తను వర్ణక్రమం సరిచూసింది తప్ప ఇంకేమీ చూసుకోలేదు.

హాలు నిండింది. వంటగదిలో నీళ్ళు కాగుతున్నాయి. హేజెల్ కప్పులు పేరుస్తుంటే మైకులోంచి క్లైవ్ గొంతు వినబడింది.

"అసలు మా ఆవిడ బొటనవేలు చరిత్రలోకి ఎక్కబోయిందండీ! ప్రతి పేజీలోనూ దూరింది. సమయానికి చూసి కోసిపారేశాను కాబట్టి సరిపోయింది."

అందరూ నవ్వారు. ముందు వరసలో ఆడవాళ్ళూ నవ్వారు. క్లైవ్‌ని క్లబ్బులో రోజూ కలిసే ఆర్థర్, "వేలు పోతే పోయింది, కేకులు చేసే చెయ్యి జాగ్రత్తగా ఉంచావా క్లైవూ?" అని అరిచాడు. మళ్ళీ నవ్వులు.

హేజెల్ కప్పు కింద పెట్టింది. చేతులు తుడుచుకుని సంచిలోంచి లాప్‌టాప్ తీసి రొట్టె కోసే బల్ల మీద పెట్టింది. తను తీసిన అసలు ఫోటోలు వెబ్‌సైట్ లోపల భద్రంగానే ఉన్నాయి. వాటి స్థానంలో కోసినవి పెట్టిందీ తనే, చూడకుండా, అతను చెప్పాడని. పాస్‌వర్డ్ తనకొక్కదానికే తెలుసు. నేర్చుకోమంటే, "అదంతా గుమస్తా పని" అన్నాడు క్లైవ్.

రెండు మీటలు నొక్కడమే. నొక్కింది.

"ఇప్పుడు చూడండి, ఎంత ముచ్చటగా వచ్చిందో" అంటూ క్లైవ్ 'పొలార్డ్ భార్యకు, బొగ్గు' అన్న పుట తెరిచాడు.

గోడంత తెర మీద గోడంత బొటనవేలు. దాని మీద ఓవెన్ తలుపు అంటుకుని కాలిన మచ్చ, ఆదివారం మాంసం కాల్చేటప్పటిది, పళ్ళెమంత ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు. క్లైవ్ మెడ ఎర్రబడింది.

"ఆగు బాబూ, ముయ్యకు!" విన్నీ పొలార్డ్ కర్ర ఊతంతో లేచింది. "ఆ వేలి పైన ఏముందది? నాకు ఆనడం లేదు. ఎవరైనా చదవండర్రా."

"ఆలిస్ పొలార్డ్, ఆమె గుర్తు" అంది హేజెల్, వంటగది గుమ్మంలోంచి. ఆమె గొంతు మైకు లేకుండానే ఆఖరి వరసదాకా వెళ్ళింది. "ఆ వేలు నాది. కిందున్నావిడ మార్తా హేవర్త్. ఆ కింద పెగ్ లామ్."

విన్నీ పెదవులు కదిలాయి. "ఆలిస్" అంది, ఇంట్లో మనిషిని పిలిచినట్టు.

క్లైవ్ గబగబా గుమ్మం దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున అన్నాడు. "పరువు తీశావు కదే! ముందు అది మార్చు."

"అది గుమస్తా పని క్లైవ్. నీకు రాదు. నేను చెయ్యను."

ముందు వరసలో అధ్యక్షుడి కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. హేజెల్ నడిచి వెళ్ళి అందులో కూచుంది. లోపల నీళ్ళు మరిగి మరిగి మూత ఎగిరిపడుతోంది. హాల్లో అందరూ ఆ చప్పుడు వింటున్నారు.