ఎస్సై గారి బరువు

పొద్దున్నే ఎస్సై మేడం మంచం దిగేటప్పుడు ఇంట్లోవాళ్ళందరూ చేస్తున్న పని ఒక్క క్షణం ఆపేస్తారు. ఆమె పాదం మోపగానే అరలో గ్లాసులు గలగలమంటాయి. వరదల్లో పనిచేసి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె రోజురోజుకీ బరువెక్కుతోంది. ఒళ్ళేమీ చేయలేదు, పాత బెల్టు ఇంకా వదులుగానే ఉంది. అయినా ఇప్పటికి నాలుగు టైల్స్ పగిలాయి. భర్త ఆమె కుర్చీ కింద నాపరాయి వేయించాడు. ఇన్నాళ్ళకి ఈ ఇంటికి పునాది కుదిరిందని అత్తగారు నవ్వేసి ఊరుకుంది.

తను ఎక్కితే జీపు కుంగిపోతోందని ఎస్సై నడిచే డ్యూటీకి వెళ్ళేది. రిటైర్మెంటు దగ్గరపడిన జీపు డ్రైవరు పక్కనే నెమ్మదిగా బండి పోనిస్తూ కబుర్లు చెప్పేవాడు. ఆయన స్టేషన్ మొత్తానికీ బాబాయి. పైఅధికారులు పంపిన డాక్టరు నిద్ర పడుతోందా అని అడిగితే, పడుతోందంది. ఏమైనా చెప్పుకోవాలని ఉందా అంటే, ఏమీ లేదంది. ఆ సాయంత్రం స్టేషన్ మెట్టు ఒకటి ఆమె కాలికింద విరిగింది.

ఒక మధ్యాహ్నం బజార్లో నీళ్ళ పైపు పగిలి రోడ్డు కుంగింది. జనాన్ని వెనక్కి నెడుతున్న బాబాయి కాళ్ళకింద నేల జారిపోయింది. గోతిలో బురదనీళ్ళు సుడి తిరుగుతున్నాయి. విసిరిన తాడు ఆయనకి అందింది గానీ, ఇటు లాగుతున్న నలుగురు కానిస్టేబుళ్ళూ అంచువైపు జారిపోసాగారు.

ఎస్సై తాడు కొస లాక్కుని నడుముకి చుట్టుకుంది. తాడు బిగుసుకుంది. ఆమె అంగుళం కదల్లేదు. పాదాలు మాత్రం చీలమండల దాకా తారులోకి దిగబడిపోయాయి.

"అమ్మాయ్, పట్టుకున్నావా?" కిందనుంచి బాబాయి గొంతు.

వరదలో ఒకావిడ సరిగ్గా ఇదే అడిగింది. పట్టుకునే ఉన్నానని ఎస్సై అప్పుడూ చెప్పింది. ఆ తర్వాతే తాడు చేతుల్లోంచి జారిపోయింది.

"పట్టుకున్నా బాబాయ్," అంది. తర్వాత అందరికీ వినపడేలా అంది: "పోయినసారి వదిలేశాను."

బాబాయి తాడు పట్టుకుని మూరమూర పైకొచ్చాడు. ఒళ్ళంతా బురదతో ఆమె పక్కనే కూలబడ్డాడు.

ఆమె కాళ్ళు తీయడానికి గునపాలు తెప్పించారు. తవ్వుతున్నంతసేపూ ఎస్సై చెప్తూనే ఉంది. ఆవిడ చేతికున్న పగిలిన వాచీ గురించి, నీళ్ళ హోరు గురించి, ఉన్నట్టుండి తేలికైపోయిన తాడు గురించి. ఒక కాలు బయటికొచ్చింది. రెండోది తేలిగ్గానే వచ్చింది. గునపాలు పక్కన పడేసి అందరూ రోడ్డుమీదే చుట్టూ కూర్చున్నారు. ఆమె ఇంకా చెప్తూనే ఉంది.