ఆడవాళ్లు చెప్పని మాట

ఆ ముగ్గురు ఆడవాళ్లను తలుచుకుంటే ప్రమీలకు ఒళ్లు మండిపోయింది. మార్కు సువార్త ఆఖరి అధ్యాయం చదవడం ఆమెకు అది నాలుగోసారి. సుగంధద్రవ్యాలు పట్టుకుని తెల్లారేసరికి సమాధికి పోయారు, బాగానే ఉంది. రాయి దొర్లి ఉంది. లోపల తెల్లబట్టల పడుచువాడు కూర్చుని, ఆయన లేచాడు, పోయి చెప్పండి అన్నాడు. అప్పుడేం చేశారు ఆ మహాతల్లులు? వణుక్కుంటూ పరుగెత్తారు. భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాత ప్రతుల్లో కథ అక్కడే ఆగిపోతుందని పాస్టరు ఒకసారి చెప్పాడు.

"నోట్లె నాలుక లేదా మీకు?" అని పుస్తకం టప్పున మూసింది. మూసీమూయగానే ఆ తిట్టు తనకే వచ్చి తగిలింది.

ఆమె తమ్ముడు ప్రకాశ్ తెలంగాణ కోసమని ఫిబ్రవరిలో తన ప్రాణం తానే తీసుకోబోయాడు. వరంగల్ దవాఖానలో మూడు రోజులు కొట్టుమిట్టాడాడు. మూడో రోజు ఏసు లేచాడట, మూడో రోజు వీడు పోయాడు. అప్పుడు పక్కనున్నది ప్రమీల ఒక్కతే. వాడు ఆమె కొంగు పట్టుకుని అన్నాడు: "తప్పు జేసిన అక్కా. నాకు బతకాలనుంది. ఎట్లన్న జేసి బతికియ్యుమను."

ఆమె ఏడ్చుకుంటూ బయటికి వచ్చేసరికి తండా నాయకుడు దేవ్‌సింగ్ వరండాలో ఆమె తల్లి రామి చేతులు పట్టుకుని ఉన్నాడు. "జై తెలంగాణ అనుకుంటనే పాణమిడిసిండు యాడీ, అమ్మా. నీ కొడుకు సావలే, అమరుడైండు" అంటున్నాడు. లోపలికి తొంగి కూడా చూడని మనిషి! కానీ ఆ మాట పట్టుకునే రామి ఆ వారంలో మొదటి ముద్ద మింగింది. అది చూసి ప్రమీల నోరు కుట్టేసుకుంది.

అంతటితో పోతే ఎంత బాగుండు. ప్రకాశ్‌తో పాటు గూడూరులో ఆటో నడిపిన దేవ్యా, ఏడాది పిల్లకు తండ్రి, వారం నుంచి ఒకటే పాట: "ప్రకాశ్ బాటనే నా బాట. ఎనకనే నేను." దేవ్‌సింగ్ వాడి భుజం తట్టాడు. తట్టేవాడికేం పోయింది? నిజం చెబితే అమ్మ అన్నం మానేస్తుంది, చెప్పకపోతే వీడు పోతాడు. ప్రమీలకు ఏ వైపూ దారి కనిపించలేదు.

ఈస్టర్ నాడు పొద్దు పొడవకముందే తండా క్రైస్తవులంతా సమాధుల దగ్గర చేరారు. పాస్టరు మైకులో "క్రీస్తు లేచెను!" అన్నాడు. "నిజముగా లేచెను!" అని జనం బదులిచ్చారు. మూడుసార్లు, ఐదుసార్లు, గొంతులు బాగా ఊపందుకున్నాయి. ఆ ఊపులోనే దేవ్‌సింగ్ మైకు అందుకుని, ప్రకాశ్ సమాధి పక్కన నిలబడి పిడికిలెత్తాడు.

"అమరవీరుడు ప్రకాశ్!"

'అమర్ రహే' అనాల్సిన జనం అలవాటు పడ్డ నోటితో అరిచారు: "నిజముగా లేచెను!"

తప్పు తెలిసి నాలుక్కరుచుకునే లోపే దేవ్యా ఏడుస్తూ ఇంకోసారి అదే అరిచాడు. వాడికది తప్పుగా అనిపించలేదు. వాడి మొహం వెలిగిపోతోంది. ప్రమీల ఒక్క అంగలో పోయి మైకు లాక్కుంది.

"ఏడ లేచిండు? సూపియ్యుండ్రి! గిదే నా తమ్ముని మట్టి. రెండు నెలలల్ల జానెడు కుంగింది. గీడికెల్లి ఎవ్వడొచ్చిండు?"

"అమ్మా, పండుగ పూట..." అన్నాడు పాస్టరు.

"మీ దేవుడు లేస్తె లేసిండు అయ్యగారూ, నేనేం కాదంటలే. నా తమ్ముడు లేవలే! వాడు జై తెలంగాణ అని సావలే. తప్పు జేసిన, నాకు బతకాలనుంది అన్నడు. నా కొంగు పట్టుకొని అన్నడు. తెలంగాణ నాకూ గావాలె. రైలు పట్టాల మీద నేనూ గూసున్న. బతికుండి కొట్లాడుండ్రి, థూ, సావుకు చప్పట్లేంది?"

"పిచ్చి లేసింది దీనికి! మైకు బంద్ జెయ్యుండ్రి!" అని దేవ్‌సింగ్ గుడ్లురిమాడు. వెనక ఆడవాళ్లు పాపం దుఃఖమని గొణిగారు. ఒక్కరూ నమ్మలేదు.

"అబద్ధం!" అన్నాడు దేవ్యా. "నన్ను ఆపనీకి కత జెప్తున్నవ్ అక్కా."

అప్పుడు రామి లేచింది. నెమ్మదిగా వచ్చి ప్రమీల చెంప ఛెళ్లుమనిపించింది.

"గా మాట రెండు నెలలు కడుపుల దాసుకున్నవా?"

"నువ్వు తింటలేవని యాడీ."

"బతుకుతనన్నడా వాడు?"

"అన్నడు."

రామి కొంగు నోట్లో కుక్కుకుని కుంగిన మట్టి వైపు చాలాసేపు చూసింది. తర్వాత తిన్నగా దేవ్యా దగ్గరికి పోయి, రెండు చేతులా వాడి కాలరు పట్టుకుంది.

"నా కొడుకేమన్నడో ఇన్నవ్ గదరా? ఇంటికి నడువ్."