సింహరాశి ఆయన

దర్జీకి తనది సింహరాశి అని మహా గర్వం. "మాది ఒకటే మాట, తిరుగుండదు" అంటూ భార్య ముందు మీసం మెలేసేవాడు. తీరా ముందుగదికి రంగు వేయించాల్సి వచ్చేసరికి, ఏ రంగో తేల్చలేక పొద్దుటి నుంచీ గోడల చుట్టూ తిరుగుతున్నాడు. రంగులు వేసే అతను నిచ్చెనకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు.

చివరికి తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, సింహరాశికి ఏ రంగు కలిసొస్తుందే?"

"సింహరాశి మీ నాన్నదిరా! చిన్నప్పుడు నువ్వు బల్లిని చూసినా ఏడ్చేవాడివి. ధైర్యం వస్తుందని నీదీ అదేనని చెప్పాం. నీ అసలు రాశి ఎవరికి గుర్తుంది?"

పక్కనే ఉండి విన్న భార్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దర్జీకి ముందు మొహం చిన్నబోయినా, నెత్తిన బరువేదో దిగినట్టనిపించి తనూ నవ్వేశాడు.

"నువ్వే చెప్పవే," అన్నాడు భార్యతో.

"లేత పసుపు," అందామె తడుముకోకుండా.