జంటమేకు

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ ఆయన జంటమేకే. చెయ్యి తిరిగిన వడ్రంగి, చిత్రిక పడితే పొర కాగితంలా లేస్తుంది. అయితే ఏం లాభం? ఆ పేరు పెట్టింది సొంత అన్న. బతికినన్నాళ్ళూ వదిలిపెట్టే రకం కాదు.

సంగతేమిటంటే, తండ్రి షెడ్డు కట్టినప్పుడు బయటి గోడకి పలకలు కొట్టే పని కొడుకులిద్దరికీ అప్పజెప్పాడు. పెద్దవాడికి పదహారేళ్ళు, చిన్నవాడికి పన్నెండు. "గుంజ గుంజకీ పలక నడిమధ్య ఒక్కటే మేకురా! చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. రెండంచులా బిగించారో, కదల్లేక చీలిపోతుంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. మరుసటి ఎండాకాలానికి ఏడు పలకలు పొడుగునా చీలి ఊరుకున్నాయి. చూస్తే ఏడింటికీ రెండేసి మేకులు. "నేను కాదు, వీడే" అన్నాడు అన్న. కాదు మొర్రో అని చిన్నవాడు ఏడుస్తున్నా వినకుండా తండ్రి చేతిలోని మూలమట్టం బద్దతో వీపు చిట్లగొట్టాడు.

ఆ దెబ్బలు నాలుగు రోజుల్లో మానాయి. పేరు మానలేదు. తండ్రి పోయాక ఆయన వడ్రంగి దుకాణం అన్న చేతికొచ్చింది, తమ్ముడు ఆయన కిందే ఉలి పట్టాడు. రెండుసార్లు వేరే దుకాణం పెట్టుకుందామని చూశాడు. రెండుసార్లూ పని చెప్పడానికి వచ్చిన మనిషి నవ్వుతూ "జంటమేకు అంటే నువ్వేనా? మా తలుపులు చీలవు కదా?" అని అడిగి, మళ్ళీ కనిపించలేదు. ఆ పేరు ఒంటిమీద ఉన్నంతకాలం తను అన్న గుమ్మం దాటలేడు. అంత కచ్చితంగా తెలుసు ఆయనకి.

ఇప్పుడు షెడ్డు కూల్చేశారు. అన్న కొత్త ఇల్లు కట్టాడు. వదిన ఎక్కడో చూసొచ్చిందట, పాత గోడపలకలతో చేసిన వంటింటి కబోర్డులు. ఆవిడకి అవే కావాలి.

"ఆ పలకలన్నీ నీవే, చేసెయ్" అన్నాడు అన్న, గోడలకి రంగు వేస్తున్నవాళ్ళ ముందే. "కానీ మేకు మాత్రం ఒక్కటేరోయ్ జంటమేకూ!"

రంగులవాళ్ళు పగలబడి నవ్వారు. తమ్ముడు పళ్ళు కొరుక్కుంటూ పలకలు బండికెత్తాడు.

పాత చెక్కతో పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి. లోపల విరిగిన మేకు ముక్క ఒక్కటున్నా చిత్రిక పదును గోవిందా. అందుకే ఆయన ప్రతి పలకనీ ముందు అరచేత్తో తడిమి, తుప్పు మేకులన్నీ పీకి, ఆ తరవాతే రంగు గీకేవాడు. మూడోరోజు ఆ ఏడు పలకల్లో మొదటిది చేతికొచ్చింది. చీలికనిండా రంపపు పొట్టూ జిగురూ కలిపిన ముద్ద. తండ్రి పనే. మేకు బెజ్జాల పక్కన కూడా అదే ముద్ద, చిన్న చిన్న నెలవంకల్లా. ఉలి మొనతో గీకితే ఊడొచ్చింది. కింద సుత్తి గంట్లు!

గురి తప్పిన సుత్తి చెక్కమీద గంటు పెడుతుంది. ఆ గంటు ఏ పక్క పడిందో చూస్తే కొట్టింది ఏ చెయ్యో తెలిసిపోతుంది. ఇవన్నీ మేకుకి ఎడమపక్కనే ఉన్నాయి. తనది కుడిచెయ్యి. అన్నది ఎడమచేతి వాటం. పరుగున వెళ్ళి దుకాణంలో అన్న పనిబల్ల చూశాడు. బల్లనిండా మేకు బెజ్జాల పక్కన అవే గంట్లు, అదే వైపు.

మిగతా ఆరూ గీకాడు. ఆరూ అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వెనకే ఎక్కడలేని సంతోషం. దొరికావురా, అనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళకి దొరికావు.

కబోర్డులు ప్రాణం పెట్టి చేశాడు. తలుపులకి ముందు వరసలో ఆ ఏడు పలకలే వేశాడు, గంట్లు కళ్ళకెదురుగా కనబడేలా. పలకకి నడిమధ్య ఒక్కటే మేకు. బిగించడం అయ్యేసరికి వంటింట్లో వదిన, రంగులవాళ్ళు, కుళాయిలు బిగించే అతను పోగయ్యారు. అన్న వచ్చి తలుపు తీసి వేసి చూశాడు.

"ఫరవాలేదే! ఇన్నాళ్ళకి లెక్క నేర్చాడు మా జంటమేకు."

"నేను కాదన్నా జంటమేకు, నువ్వు" అన్నాడు తమ్ముడు. వేలు గంటుమీద పెట్టాడు. "ఇదిగో, ఇటు చూడండి అందరూ. ఇది ఎడమచేతి దెబ్బ. ఇదీ, ఇదీ కూడా. కావాలంటే ఆయన బల్ల చూసి రండి. చేసింది నువ్వు, తన్నులు తిన్నది నేను."

ఎవరూ నవ్వలేదు. అన్న ముఖం మాడిపోయింది. కానీ లొంగే మనిషా?

"పెద్ద కనిపెట్టావులే. ఆ గంట్లు పూడ్చిందెవరురా?"

తమ్ముడు గంటుమీంచి వేలు తీసేశాడు.

"నాన్నకి తెలీదనుకున్నావా? నిన్ను కొట్టిన సాయంత్రమే చూశాడు. రంగు వేసేముందు తనే పూడ్చాడు. నేను వణికి చస్తుంటే ఏమన్నాడో తెలుసా? 'వాణ్ణెంత కొట్టినా పడుంటాడు. నిన్ను కొడితే సుత్తి పడేసి పోతావు. నాకు ఇద్దరూ కావాలి' అన్నాడు. ఇంకోసారి ఎత్తలేదు ఆ మాట."

తమ్ముడికి వీపు చుర్రుమంది. ముప్ఫై ఏళ్ళ కిందటి దెబ్బలు ఇప్పుడే తగిలినట్టయింది. ముద్దని తన ఉలితో తనే గీకాడు, తండ్రి చేతి పని అని గుర్తుపట్టాడు కూడా. అన్న మీద కసిలో అంతకుమించి ఆలోచించనేలేదు. పడుంటాడట! నిజమే, పడే ఉన్నాడు కదా ముప్ఫై ఏళ్ళు!

సంచిలోంచి గుప్పెడు మేకులు తీశాడు. మొదటి తలుపు మొదటి పలకకి ఈ అంచున ఒకటి, ఆ అంచున ఒకటి దిగ్గొట్టాడు. తరవాతి పలకకీ రెండు.

"అయ్యో అయ్యో, చీలిపోతాయి మరిదీ! ఏంటయ్యా ఈ పని?" వదిన లబలబలాడింది.

"ఇప్పుడే కాదులే వదినా. ఎండాకాలం రానీ."

"ఒరేయ్, ఆపరా!" అంటూ అన్న చెయ్యి పట్టుకోబోయాడు. తమ్ముడు సుత్తి ఎత్తి ఒక్క చూపు చూశాడు. అన్న వెనక్కి తగ్గాడు. ఏడు పలకలకీ రెండేసి కొట్టేదాకా ఎవరూ కదల్లేదు. ఒక్క దెబ్బ గురి తప్పలేదు, ఒక్క గంటు పడలేదు.

"ఇవి నావి" అన్నాడు తమ్ముడు. "ఇక ఆ పేరు పెట్టి ఎంతైనా పిలుచుకో."

సుత్తి అన్న కాళ్ళ దగ్గర పడేసి బయటికి నడిచాడు.