చొమోర్ ఇంట్లో ఉండిపోయిన పళ్ళెం

సెదెర్‌హాట్‌కి ఓ చరిత్ర ఉందన్న సంగతి ఆ ఊరివాళ్ళకి మొన్నమొన్నటిదాకా పట్టలేదు. పుస్తకం వేసుకుంటే అచ్చు ఖర్చు సర్కారు భరిస్తుందని తెలిశాక మాత్రం ఆ చరిత్ర రాత్రికి రాత్రే పుట్టుకొచ్చింది. రాసినవాడు రిటైరైన బడిపంతులు ఒర్మోష్ లేనార్డ్. నూట నలభై పేజీలు. అందులో తురుష్కులు ఈ ఊరిని మూడుసార్లు తగలబెట్టారు. తగలబెట్టడానికి ఇక్కడేముందని బాగి విల్మాకి అనుమానం. నాలుగు గడ్డివాములు, ఓ చర్చి, చర్చి మెట్ల మీద కూర్చుని చాడీలు చెప్పుకునే జనం. తురుష్కులకి అంత తీరికా?

విల్మాకి డెబ్బై నాలుగేళ్ళు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ ఊరికి ఉత్తరాలు పంచింది. ఎవరికి ఎవరు రాస్తారో, ఎవరికి ఎవరూ రాయరో ఆమెకి తెలుసు. ఊరంటే ఆమెకి గౌరవం లేదు. ఉన్నట్టు నటించే ఓపికా లేదు.

పుస్తకాన్ని ఆమె నవ్వుకుంటూనే చదివింది, తొంభై ఏడో పేజీ దాకా. అక్కడ ఇలా ఉంది: ‘1952 డిసెంబరులో బాగి వెండెల్ అనుమతి లేకుండా దొంగచాటుగా పందిని కోశాడు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. మాంసానికి పొగ పెట్టడంలో అతను చూపిన అజాగ్రత్త వల్ల అధికారుల కంటపడ్డాడు. ఆ కష్టకాలంలో ఊరు ఒక్క మాట మీద నిలిచింది. ఎవరూ ఎవరి మీదా చాడీ చెప్పలేదు.’

వెండెల్ విల్మా తండ్రి. ఆ రోజుల్లో సొంత పందిని కోసుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి, లేకపోతే జైలే. మూడేళ్ళ శిక్ష వేశారు. రెండో ఏడు దగ్గుతూ ఇంటికొచ్చాడు, ఆ పై వసంతానికి మట్టిలో కలిశాడు. ప్రాణం ఎలాగూ జైలు తీసుకుంది. ఇప్పుడీ పంతులు ఆయన్ని తెలివితక్కువ వాడిగా అచ్చువేసి ఇంటింటికీ పంచాడు. ఆ మాట దిద్దించేదాకా తనకి నిద్ర పట్టదని విల్మాకి తెలుసు.

అసలు ఆ పందికి పొగే పెట్టలేదు. పొగ పెడితే పట్టుబడతామని తెలియనంత అమాయకుడు కాదు వెండెల్. తెల్లారకముందే కోసి, మాంసమంతా కొవ్వులో వేయించి, జాడీల్లో పెట్టి, పశువుల కొట్టంలో పాతిపెట్టాడు. భార్య బోరిష్కాకి ఒకే ఒక్క మాట చెప్పాడు.

"ఈసారి ఎవరికీ రుచి పంపకు. బతికి బట్టకడదాం."

పంది కోసిన ఇంటినుంచి పొరుగింటికి రుచి పళ్ళెం వెళ్ళాలి. రెండు సాసేజిలు, ఓ కాలేజం ముక్క, గుప్పెడు వేపుడు కొవ్వు. వాళ్ళు తమ పందిని కోసినప్పుడు అదే పళ్ళెం నింపి తిరిగిస్తారు. పంపకపోతే పగ. ఖాళీ పళ్ళెం తిరిగిస్తే అంతకన్నా పెద్ద పగ. బోరిష్కా మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. ఆ తర్వాత ఆమె వల్ల కాలేదు.

"గోడ పక్కనే ఉన్నారు కదే, కొవ్వు కరిగిన వాసన వాళ్ళకి కొట్టకుండా ఉంటుందా? పళ్ళెం వెళ్ళకపోతే రేపు చర్చిలో వాళ్ళ మొహం ఎలా చూడను?" అని మూడు నీలం పువ్వులున్న పళ్ళాన్ని నింపి, తొమ్మిదేళ్ళ విల్మా కోటు కింద పెట్టి పంపింది.

పొరుగున ఉన్నది చొమోర్ ఆల్బెర్ట్. పళ్ళెం అందుకుని విల్మా తల నిమిరాడు. "మీ అమ్మ చేతికి తిరుగులేదని చెప్పమ్మా," అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులొచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా నేరుగా కొట్టంలోకి నడిచారు. వసంతానికి ఆల్బెర్ట్ సహకార సంఘం గిడ్డంగికి పెద్దయ్యాడు. పళ్ళెం మాత్రం తిరిగి రాలేదు. ఆ వారమంతా తాము కూతురి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళామని, తమకేమీ తెలియదని చొమోర్ వాళ్ళు చెప్పుకున్నారు. ఊరు తలూపింది. తలూపడంలో ఆ ఊరిని మించినవాళ్ళు లేరు.

ఆగస్టులో ఊరి పండగ వచ్చింది. పుస్తకంతో పాటు ఊరి జ్ఞాపకాల గది కూడా తెరిచారు. ఓ పాత మగ్గం, తుప్పు పట్టిన ఇస్త్రీపెట్టెలు, ఓ అద్దాల బీరువా. బీరువా పై అరలో మూడు నీలం పువ్వులున్న పళ్ళెం, దాని ముందు చీటీ: ‘చొమోర్ కుటుంబపు పాత పళ్ళెం’.

విల్మా బీరువా దగ్గరికి నడిచింది. బీరువాకి తాళం లేదు. చరిత్రకి తాళం కొనే తెలివి కూడా లేదు వీళ్ళకి. పళ్ళాన్ని తీసి తిరగేసింది. అడుగున మేకుతో గీసిన మూడు గీతలు. పెళ్ళిళ్ళలో ఊరి పళ్ళాలన్నీ కలిసిపోతాయని ప్రతి ఇల్లాలూ తన గుర్తు గీసుకునేది. పళ్ళాన్ని శాలువా కింద పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

అక్కడ పొడుగాటి బల్లల ముందు ఊరంతా కూర్చుని మెక్కుతోంది. ఆల్బెర్ట్ మనవడు, మేయరు చొమోర్ తివదర్, ఏప్రన్ కట్టుకుని తనే సాసేజిలు వేయించి వడ్డిస్తున్నాడు. అక్టోబరులో ఎన్నికలు.

"తివదర్, ఇది మా అమ్మ పళ్ళెంరా."

"ఏదో పొరబడ్డావు పిన్నీ. అది మా నాయనమ్మది."

విల్మా పళ్ళాన్ని తిరగేసి పక్క బల్ల దగ్గరున్న ముసలి తెర్కా ముందు పెట్టింది. తెర్కా నోటినిండా బ్రెడ్డుతోనే చెప్పేసింది, "మూడు గీతలు బోరిష్కావే. మా అమ్మది రెండు."

"అయితే అయ్యుంటుందిలే," అన్నాడు తివదర్ నవ్వుతూ. "ఇరుగూపొరుగూ అన్నాక పళ్ళాలు అటూ ఇటూ తిరుగుతాయి. తీసుకుపో పిన్నీ."

"ఖాళీగానా?"

బల్లల మీద నవ్వులు లేచాయి. "ఖాళీ పళ్ళెం ఇస్తావట్రా తివదర్? రేపు ఓట్లు ఎలా అడుగుతావు?" అని ఎవరో అరిచారు.

తివదర్ మొహం ఎర్రబడింది. పళ్ళెం లాక్కుని నాలుగు సాసేజిలు, గరిటెడు క్యాబేజీ వేశాడు. "ఇదిగో. మీరు పెట్టిన రుచికి మా తాత తీర్చని పళ్ళెం నేను తీర్చాను. చొమోర్ వాళ్ళు ఎవరిదీ ఉంచుకోరు," అని అందరికీ వినబడేలా అన్నాడు. చప్పట్లు కొట్టారు.

"ఏ పంది రుచి నాయనా?" అంది విల్మా.

చప్పట్లు ఆగాయి.

"ఈ పళ్ళెం నాన్న 1952 అక్టోబరు సంతలో కొన్నాడు. డిసెంబరులో పందిని కోశాడు. ఆ తర్వాత మా ఇంట్లో పందిని కోసిన మనిషే లేడు. మీ తాత ఆ వారం పెళ్ళిలో ఉన్నాడన్నారు. పెళ్ళిలో ఉన్నవాడు మా రుచి ఎలా తిన్నాడ్రా?"

తివదర్ పొయ్యి వైపు తిరిగి గరిటెతో సాసేజిలు తిప్పసాగాడు. ఎవరూ లేవలేదు. ఒక్కొక్కరే మళ్ళీ తినడం మొదలెట్టారు. నోరు ఖాళీగా ఉంటే మాట్లాడాల్సి వస్తుందని వాళ్ళ భయం. అరవై అయిదేళ్ళ కిందట ఇలాగే తిన్నారు, ఇంకో అరవై అయిదేళ్ళకీ ఇలాగే తింటారు. విల్మాకి కోపం కూడా రాలేదు, అసహ్యమేసింది.

పంతులు లేనార్డ్ జేబులోంచి పెన్ను తీశాడు. మేయరు వైపు చూసి మళ్ళీ మూత పెట్టాడు.

"పుస్తకం అచ్చయిపోయింది కదా విల్మాగారూ," అని గొణిగాడు. "పోనీ, రెండో అచ్చులో ఏమని రాయమంటారు?"

విల్మా పళ్ళెంలోవన్నీ బల్ల కింద ఉన్న తివదర్ కుక్క ముందు గుమ్మరించింది. పళ్ళాన్ని గౌను అంచుతో తుడిచింది.

"పొగ మాట కొట్టేయండి మాస్టారూ. చొమోర్ వాళ్ళు పళ్ళెం తిరిగిచ్చారని రాయండి. కింద పందిని కోసిన తేదీ వెయ్యండి. మనూరి వాళ్ళకి ఆపైన చెప్పక్కర్లేదు."

లేనార్డ్ మూత తీశాడు. ఈసారి మేయరు వైపు చూడలేదు.

గేటు దాటుతూ విల్మా తనకి తెలియకుండానే పళ్ళాన్ని శాలువా కింద దాచుకుంది. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. బయటికి తీసి, వీధిలో అందరికీ కనబడేలా పట్టుకుని ఇంటికి నడిచింది.