సన్యాసిరావు గారి ఇరవై రెండు

నేను ఒక ముల్లుని. చేప ముల్లుని కాదు, గడియారం ముల్లునీ కాదు. ఒక తెల్ల సెడాన్ కారులో, స్టీరింగ్ వెనక అద్దం కింద, పెట్రోలు ఎంతుందో చూపించే నారింజ రంగు ముల్లుని. పొడుగు మీ చిటికెన వేలిలో సగం ఉంటానేమో. ఇంత చిన్నదాన్ని పట్టుకుని మనుషులు ఎంతెంత నమ్ముతారో తెలిసిన రోజున నిర్ఘాంతపోయాను. ఆ ఆశ్చర్యం నుంచి ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు.

నన్ను చేసిన కార్ఖానాలో ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నన్ను బొటనవేలితో నొక్కి బిగించింది. సున్నా నుంచి చివరిదాకా ఒకసారి తిప్పి చూసి, పక్కకి తోసేసింది. నాకు దొరికిన చదువు అంతే. నిజానికి నాకు సొంతంగా ఏమీ తెలియదు. వెనక సీటు కింద ట్యాంకులో, పెట్రోలు మీద తేలే బెండు ఒకటుంటుంది. అది లేస్తే నేను లేస్తాను, అది దిగితే దిగుతాను. పైగా మా ట్యాంకు పైన వెడల్పు, అడుగున ఇరుకు. అందుకని పై సగంలో పెళ్లి ఊరేగింపులా నింపాదిగా నడుస్తాను, కింది సగానికి వచ్చేసరికి జారిపోతాను. నా మాట అచ్చంగా నమ్మదగింది కాదని నాకు తెలుసు. మీకే తెలియదు.

మొదటి యజమాని విశాఖపట్నంలో స్థలాలు అమ్మే ఆయన. ఆయన కళ్లు నా మీద, కాలు కింద పెడల్ మీద. సిగ్నల్ పచ్చగా మారగానే పెడల్‌ని నేలకి తొక్కేవాడు, వంద గజాలు పోయాక బ్రేకు మీద నిలబడేవాడు. ఆ తర్వాత నన్ను చూసి, ఈ బండి పెట్రోలు తాగేస్తోందని కంపెనీ వాళ్లని తిట్టేవాడు. నేను అవాక్కయ్యేదాన్ని. తాగిస్తున్న కాలు ఆయనదే. ఒక్కసారైనా వంగి దాన్ని చూసుకుంటాడేమోనని మూడేళ్లు ఎదురుచూశాను. ఆయన బండినే అమ్మేశాడు.

కొన్నది సన్యాసిరావు గారు. మన్యంలో చింతలగెడ్డ అనే కొండ ఊళ్లో ఉండే సర్వేయరు, అప్పటికి రిటైరై ఏడాది. ముప్పై ఏళ్లు గొలుసు పట్టి పొలాలు కొలిచినవాడు, జానెడు గట్టు దగ్గర కూడా తేడా రానివ్వనివాడు అని ఊళ్లో పేరు. అమ్మయ్య, లెక్క తెలిసినవాడి చేతిలో పడ్డాననుకున్నాను. మొదటిసారి కొండ దిగుతుంటే నాకు గుండె ఆగినంత పనైంది.

ఘాట్ మొదట్లో వనదుర్గ గుడి దగ్గర బండి ఆపి దండం పెట్టుకున్నాడు. గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టాడు. తాళం వెనక్కి తిప్పి ఇంజిన్ కట్టేశాడు. బండి దానంతటదే దొర్లడం మొదలుపెట్టింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు తర్వాత మలుపు. ఇంజిన్ చప్పుడు లేదు, గాలి చప్పుడే. పక్కన కూర్చున్న ఆయన భార్య వరహాలమ్మ గారు తలుపు పిడి పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆయన మాత్రం హాయిగా నన్ను చూసి నవ్వుతున్నాడు. చూశావా, బొట్టు ఖర్చవలేదు అన్నట్టు.

ఆ నవ్వులోంచే ఇరవై రెండు పుట్టింది. లీటరుకి ఇరవై రెండు కిలోమీటర్లు తన బండి ఇస్తుందని ఆయన టీ కొట్టు దగ్గరా, పెళ్లిళ్లలోనూ, చావులకి వెళ్లినచోట కూడా చెప్పేవాడు. ఎలా కొలిచారని ఎవరైనా అడిగితే నావైపు చూపించేవాడు. నేను పై సగంలో నింపాదిగా నడిచే దూరాన్ని చూసి, దాన్ని రెండింతలు చేసేవాడు. జానెడు భూమిని కంటితో కొలవడానికి ఒప్పుకోని మనిషి పెట్రోలుని కంటితో కొలిచేశాడు. డిక్కీలో పాత సర్వే గొలుసు, రెండు గుర్తు రాళ్లు, పసుపు కొమ్ముల బస్తా, నీళ్ల డబ్బాలు. పైన ఎప్పుడూ ఖాళీగా ఉండే ఇనప క్యారియర్. టైర్లలో గాలి ఆయన బూటుతో తన్ని చూసేదే.

తర్వాత ఆయన కిడ్నీలు చెడిపోయాయి. కొండ మీద డయాలసిస్ లేదు. వారానికి రెండుసార్లు ఎనభై కిలోమీటర్లు దిగి అనకాపల్లి వెళ్లాలి. మొదట్లో తనే నడిపాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఇక ఎక్కువకాలం కుదరదని తెలిసింది. అప్పుడు యాభై నాలుగేళ్ల వరహాలమ్మ గారు, ఊరి మెకానిక్ ఎర్రినాయుడు దగ్గర, హైస్కూలు మైదానంలో డ్రైవింగ్ నేర్చుకుంది. ఆవిడ మొదటిసారి నా ఎదుట కూర్చున్నప్పుడు నన్ను చూడనే లేదు. వంగి తన పాదాన్ని చూసుకుంది. అన్నాళ్లుగా నేను ఎదురుచూసిన పని అది.

ఎర్రినాయుడు చెప్పినవన్నీ ఆవిడ బుద్ధిగా వింది. పెడల్‌ని పచ్చి గుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కాలి. దూరంగా ఆవు కనపడితే అప్పుడే కాలు తీసేయాలి, దగ్గరికెళ్లి బ్రేకు కొట్టకూడదు. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి పెట్టించాలి. ఘాట్ సంగతి మాత్రం అతను గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇంజిన్ కట్టీసి దిగితే రెండు మూడుసార్లు తొక్కీసరికి బ్రేకు రాయైపోద్దమ్మా. గేర్లోనే ఉంచీసి కాలు తీసీండి. అప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు దానంతటదే ఆగిపోద్ది. సర్వేయరు గారికి ఎన్నిసార్లు చెప్పినా ఇన్నారు కాదు."

ఆ మాట విని నేనే నిర్ఘాంతపోయాను. గేరులో దిగినా ఖర్చు ఉండదట. అంటే ఆయన అన్నేళ్లూ ప్రాణం మీదికి తెచ్చుకుని మిగిల్చింది ఏమీ లేదు.

ఎర్రినాయుడే ఆవిడకి అసలైన కొలత కూడా నేర్పాడు. మాడుగుల బంకులో గన్ను దానంతటదే టిక్కుమని ఆగేదాకా కొట్టించడం, మళ్లీ అదే బంకులో అలాగే కొట్టించి, ఎన్ని లీటర్లు పట్టిందో, మీటరు ఎంత తిరిగిందో చూడడం. భర్త ఇంకా నడుపుతున్న రోజుల్లో ఒకసారి చూసింది. పద్నాలుగు. తను నడపడం మొదలయ్యాక చూసింది. పద్దెనిమిది. ఆయనకి చెప్పమని ఎర్రినాయుడు అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

"డాక్టర్లు తిండి తగ్గించీసారు. తాగే నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి ఇస్తన్నాను. ఆయనకి ఆ ఇరవై రెండొక్కటే మిగిలింది నాయుడూ. అది కూడా నేనే తీసీమంటావా?"

మనుషుల మీద నాకున్న వెటకారం ఆ రోజు కొంచెం తగ్గింది.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. ఘాట్ మీద చెట్లు పడ్డాయి, రాళ్లు దొర్లాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. బంకుల్లో పెట్రోలు ఉన్నా తోడే దిక్కు లేదు. సన్యాసిరావు గారికి ఒక డయాలసిస్ తప్పింది, రెండోదీ తప్పింది. కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. అయిదో రోజు పొద్దున్న ఒక బండి పట్టేంత దారి తెరిచారని కబురొచ్చింది. అంబులెన్సుకి కబురు పంపే దారి లేదు. ఆవిడ వచ్చి తాళం తిప్పి, మొదటిసారి నన్ను కళ్లప్పగించి చూసింది.

నేను పావు చూపించాను.

ఆ పావు అబద్ధం. వాళ్ల వాకిలి ఎక్కుడు మీద ఉంటుంది, బండి మూతి పైకి, తోక కిందికి. ఉన్న కాస్త పెట్రోలూ వెనక్కి చేరి బెండుని పైకి లేపింది. నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. పావంటే ధారాళంగా సరిపోతుంది, ఇరవై రెండు లెక్కన విశాఖ పోయి రావచ్చు అన్నాడు ఆయన రొప్పుతూనే. ఆవిడ డిక్కీలోంచి గొలుసు, రాళ్లు, బస్తా, డబ్బాలు తీసి అరుగు మీద పెట్టింది. ఎర్రినాయుడు వచ్చి క్యారియర్ విప్పి, కాలి పంపుతో టైర్లలో గాలి కొట్టాడు. ఆయన్ని పక్క సీట్లో దిండ్లు వేసి కూర్చోబెట్టారు.

ఘాట్ మొదట్లో గుడి దగ్గరికి వచ్చేసరికి బండి ముందుకి వాలింది, నేను కిందికి జారాను. ఆయన అది చూశాడు.

"ఇంజిన్ కట్టీ వరాలూ. ఈయాల బొట్టు బొట్టు కావాల."

ఆవిడ చెయ్యి తాళం దగ్గర ఆగింది. ముప్పై నాలుగేళ్లుగా ఆయన మాట విన్న చెయ్యి అది. పక్కన మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఆవిడ ఇంజిన్ కట్టేసింది.

మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు దగ్గర బ్రేకు కొంచెం బిగిసింది. మూడో మలుపులో అడ్డంగా ఒక చెట్టు మొద్దు, పక్కన ఒక్క బండి పట్టే సందు. ఆవిడ బ్రేకు తొక్కింది. పెడల్ దిగలేదు. రెండు కాళ్లతో తొక్కింది. స్టీరింగ్ రోకలిలా బిగుసుకుంది. లోయ అంచు అద్దంలోకి వచ్చేసింది. చిన్న ముల్లుని, నేనేం చేయగలను, బిగుసుకుపోయి చూస్తున్నాను. అప్పుడు ఆవిడ తాళం ముందుకి తిప్పి, క్లచ్ తొక్కి, రెండో గేరు వేసి, క్లచ్ వదిలేసింది. బండి పెద్ద కుదుపు కుదిపి, ఇంజిన్ అందుకుంది. బ్రేకు మళ్లీ బ్రేకైంది. ముందు చక్రం మొద్దుని ఒరుసుకుంటూ వెళ్లి, అవతల ఆగింది.

ఆవిడ హ్యాండ్‌బ్రేకు లాగింది. అప్పుడు ఆవిడ చెప్పేసింది. ఏడవలేదు, అరవలేదు.

"ఇరవై రెండు కాదండీ. మాడుగుల బంకులో కొలిచాను. మీ కాలికి పద్నాలుగొచ్చింది. నా కాలికి పద్దెనిమిదొస్తంది. ఇంజిన్ కట్టడం వల్ల మనకి ఎప్పుడూ ఏటీ మిగల్లేదు."

ఆయన మొహం నేను ఎప్పటికీ మర్చిపోలేను. లోయని చూసినప్పుడు కూడా అలా అయిపోలేదు. నావైపు చూశాడు, నిజమేనా అన్నట్టు. నేను ఏం చూపించను? ఆవిడ రెండో గేరులోనే, పెడల్ మీంచి కాలు పూర్తిగా తీసేసి, బండిని కొండ కిందికి దించింది. ఆ దారంతా ఇంజిన్ బొట్టు తాగలేదు.

మైదానంలోకి వచ్చాక నేను లేస్తానని ఆవిడ ఆశపడింది. నేనూ పడ్డాను. నేల చదునైంది, పెట్రోలు చదునైంది, బెండు మాత్రం లేవలేదు. పక్కన పసుపుపచ్చ దీపం వెలిగింది. ఇంకా యాభై కిలోమీటర్లు. నా పావుని నమ్మి బయల్దేరిన మనిషి ఇక్కడ ఊపిరాడక చస్తే ఆ పాపం ఎవరిది? సిగ్గుతో చచ్చిపోయాను.

మాడుగులలో బంకుకి అడ్డంగా తాడు కట్టారు. తర్వాతి బంకు రేకులు ఎగిరిపోయి పొలంలో పడ్డాయి. ఆవిడ ఏసీ వేయలేదు, కిటికీలు కొద్దిగానే దింపింది. పై గేరులో నలభై అయిదు దాటకుండా, తగ్గకుండా పోనిచ్చింది. గోతులు దూరం నుంచే చూసి ముందే కాలు తీసింది. వెనక లారీలు హారన్లు కొట్టి దాటిపోయాయి, పోనిమ్మంది. నేను గీత కిందికి దిగిపోయాను. ఇక నన్ను చూడటం వల్ల లాభం లేదు. సన్యాసిరావు గారు కూడా నన్ను చూడటం మానేశాడు. తల వంచి ఆవిడ కుడి పాదాన్ని చూస్తున్నాడు, పొలం గట్టు దగ్గర కొలబద్దని చూసినట్టు, ఒక్క క్షణం చూపు తిప్పకుండా. అది కదిలిందో లేదో తెలియనంత మెల్లగా కదులుతోంది.

అనకాపల్లి ఆసుపత్రి వరండా ముందు ఆవిడే బండి ఆపి తాళం తీసింది. అక్కడ జనరేటరు నడుస్తోంది, ఆయన్ని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్లారు. మరో రెండు గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని లోపల అన్నారట.

మూడో రోజు కరెంటొచ్చింది, ఎదురుగా బంకు తెరిచారు. ఆవిడ వచ్చి తాళం తిప్పింది. ఇంజిన్ పలకలేదు. మళ్లీ తిప్పింది. ఆసుపత్రి వాచ్‌మన్ డబ్బాతో పెట్రోలు తెద్దామని ట్యాంకు మూత తీసి, బండిని పట్టుకుని ఊపి చూశాడు. చప్పుడే లేదు. లోపల తడి తప్ప ఇంకేమీ లేదమ్మా అన్నాడు. ఆవిడ తాళం చేతిలో పట్టుకుని, అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. అప్పుడు ఏడ్చింది.

ఆయన ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. డయాలసిస్ హాల్లో పక్క మంచాల వాళ్లతో మళ్లీ మైలేజీ కబుర్లే. ఒకరోజు ఎవరో మీ బండి ఎంతిస్తుందని అడిగారట. వరహాలమ్మ గారు ఎర్రినాయుడికి చెబుతుంటే విన్నాను. ఆయన అన్న మాట ఇది: "నాకు పద్నాలుగేనండి. పద్దెనిమిది మా ఆవిడది."

ఆయన పోయాక బండి ఎర్రినాయుడు షెడ్డుకి చేరింది. ఇంజిన్ ఒకరికి, తలుపులు ఒకరికి పోయాయి. నేనున్న డ్యాష్‌బోర్డు మాత్రం పాత టైర్ల పక్కన బల్ల మీద పడి ఉంది. కిందటి వారం వరహాలమ్మ గారు ఏదో పని మీద వచ్చి, నా అద్దం మీది దుమ్ము కొంగుతో తుడిచి, కాసేపు చూసి వెళ్లింది. తీగలన్నీ తెగిపోయాయి, బెండు చెప్పే మాట ఇక నాకు వినపడదు. సున్నా మీద ఆగి ఉన్నాను. పుట్టాక మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నాను.